అమెరికా తెలుగు సంఘాల కార్యవర్గాలకు: తుపాకీ భద్రత పాఠం ఎందుకు వద్దంటున్నారు?

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,



మా ప్రాంతంలోని ఒక తెలుగు సంఘానికి కొందరు తల్లులం కలిసి ఈమధ్య ఒక విన్నపం పెట్టుకున్నాం. కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం మీరు జరిపే అవగాహన సదస్సులో ఒక్క గంట తుపాకీ భద్రతకు ఇవ్వండని అడిగాం. అసలు తుపాకీ తేము, తూటాలు తేము, నారింజ రంగు ప్లాస్టిక్ నమూనాతో చూపిస్తాం అన్నాం. అర్హత ఉన్న శిక్షకురాలు డబ్బు తీసుకోకుండా వచ్చి చెబుతానంటోందని కూడా రాశాం. రెండే రెండు వాక్యాల జవాబు వచ్చింది. మాది సాంస్కృతిక సంస్థ, ఇలాంటి విషయాలకు దూరంగా ఉంటాం అన్నది మొదటిది. తుపాకీ పేరుతో కార్యక్రమం పెడితే జనం అపార్థం చేసుకుంటారు అన్నది రెండోది.

ఇది ఆ ఒక్క సంఘం వైఖరే అయితే వాళ్లతోనే తేల్చుకునేదాన్ని. వేరే రాష్ట్రాల్లో ఉన్న స్నేహితులను వాకబు చేస్తే వాళ్ల దగ్గరా ఇదే మాట వినిపించింది. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

అపార్థం చేసుకునే ఆ జనం ఎవరు? తమ బిడ్డను అమెరికా పంపించి, అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె దడదడలాడే వరంగల్, గుంటూరు తల్లిదండ్రులా? ఆ పిల్లవాడు తుపాకీ పేలి చనిపోయాడన్న కబురు వస్తే, ముందుగా ఆ ఇంటికి ఫోన్ చేసేది మీరే. కాన్సులేట్‌తో మాట్లాడేది మీరే, శవపేటికను హైదరాబాద్ విమానం ఎక్కించేదాకా నిద్రపోనిదీ మీరే. ఆ పనులు మీరు ఎంత ప్రేమగా చేస్తారో నేను దగ్గరుండి చూశాను. ఆ రోజు మీలో ఎవరూ మాది సాంస్కృతిక సంస్థ అని తప్పుకోలేదు. మరి అంతకు ఏడాది ముందు, ఆ పిల్లవాడు బతికి ఉండగా, ఒక గంట కూర్చోబెట్టి చెప్పడం దగ్గర ఆ మాట ఎందుకు అడ్డువస్తోంది?

నేను అమెరికా పౌరురాలిని. డాలస్ ఉత్తర శివార్లలో ఉంటాను. ఇక్కడి ఒక షూటింగ్ రేంజ్‌లో కొత్తవాళ్లకు పెట్టే షాట్‌గన్ తరగతికి వెళ్లి నేర్చుకున్నాను. తుపాకీ కొనాలన్న ఆలోచనతో వెళ్లలేదు. మా పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్లలో తుపాకులు ఉన్నాయని, వాటిలో తెలుగు ఇళ్లు కూడా ఉన్నాయని తెలిసి వెళ్లాను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాక మనవాళ్లలో పుట్టిన భయం మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత 2020లో కరోనా వచ్చింది. ఆ ఏడాది తుపాకుల కోసం ఎఫ్‌బీఐ దగ్గర నమోదైన నేపథ్య తనిఖీలు 3 కోట్ల 96 లక్షలు దాటాయి. ఆ దుకాణాల ముందు నిలబడ్డవాళ్లలో మనవాళ్లు లేరని మీలో ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

వాళ్లలో కొందరు షాట్‌గన్ వైపు చూస్తారు. కేంద్ర చట్టం ప్రకారం డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, షాట్‌గన్‌కు 18 చాలు. ఒక ఫారం నింపి, తనిఖీలో అడ్డు రాకపోతే తుపాకీ చేతికి వస్తుంది. నీకు దీన్ని పట్టుకోవడం వచ్చా అని టెక్సాస్‌లో అడిగే నాథుడు లేడు. డీలర్ పిస్టల్ అమ్మితే దానితో పాటు తాళమో, భద్రపరిచే సాధనమో ఇచ్చి తీరాలని కేంద్ర చట్టం ఉంది. ఆ నియమం షాట్‌గన్‌కు వర్తించదు. చట్టం చెప్పదు, దుకాణదారు చెప్పనక్కర్లేదు. ఇక మన భాషలో మన పిల్లలకు చెప్పవలసినవాళ్లు ఎవరు మిగిలారు?

ఆ తరగతిలో ఏం నేర్పారో మీకు వివరంగా చెప్పాలి. తుపాకీ పాఠం అనగానే మీ కళ్ల ముందు కదిలే దృశ్యానికీ, అక్కడ జరిగిన దానికీ ఎంత దూరం ఉందో తెలిస్తే మీ జవాబు మారుతుందని నా ఆశ.

మొదటి సగం మా చేతికి ఒక్క తూటా ఇవ్వలేదు. జెఫ్ కూపర్ అనే శిక్షకుడి కాలం నుంచి అమెరికాలో తుపాకీ నేర్పేవాళ్లు చెబుతూ వస్తున్న నాలుగు సూత్రాలు మా చేత పదేపదే వల్లె వేయించారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. ఏది నాశనం కాకూడదో దాని వైపు గొట్టం మూతి తిప్పకూడదు. కాల్చాలని నిశ్చయించుకుని గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. దేన్ని కాలుస్తున్నామో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. వినడానికి సులువుగానే ఉన్నాయి. కానీ పక్కనున్న మనిషితో మాట్లాడుతూ అటు తిరిగితే చేతిలోని గొట్టం కూడా అటే తిరుగుతుంది. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అదే జరిగింది, ఖాళీ తుపాకీలతో. శిక్షకురాలు ఆపి, సరిదిద్ది, మళ్లీ చేయించింది. పుస్తకం చదివితే, వీడియో చూస్తే ఈ అలవాటు రాదు. పక్కన ఒక మనిషి నిలబడి చెబితేనే వస్తుంది.

తర్వాత పంప్ రకం షాట్‌గన్ ఎలా పనిచేస్తుందో చూపించారు. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటివి ఈ రకానివే. పెద్ద గొట్టం కింద ఇంకో సన్న గొట్టం ఉంటుంది, తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ముందరి పిడిని వెనక్కి లాగితే, పేలడానికి తూటా కూర్చునే చోటు అంటే ఛాంబర్‌లో ఉన్న తూటా బయటపడుతుంది. పిడిని ముందుకు తోస్తే కింది గొట్టంలోని మరో తూటా వచ్చి ఛాంబర్‌లో కూర్చుంటుంది. ఇప్పుడు ఈ సంగతి తెలియని కుర్రాడిని ఊహించుకోండి. శుభ్రం చేద్దామని తుపాకీ తీస్తాడు. ఒకసారి పిడి లాగుతాడు. తూటా కిందపడడం కళ్లారా చూస్తాడు. హమ్మయ్య, ఖాళీ అయింది అనుకుని పిడి ముందుకు తోస్తాడు. తనకు తెలియకుండానే తుపాకీని మళ్లీ సిద్ధం చేశాడు.

తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి తెలుగు విద్యార్థి మృతి అన్న వార్త మన పత్రికల్లో మీరూ చదివారు. అక్కడ సరిగ్గా ఇదే జరిగిందని నేను అనను, నాకు ఆ వివరాలు తెలియవు. అయితే కింది గొట్టం ఖాళీ అయిందో లేదో కంటితో చూసి, ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి తడిమి, అప్పుడు తుపాకీ ఖాళీ అనాలని నేర్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు మీ వేదిక మీద దొరకవా?

ఇంకొకటి. షాట్‌గన్ తూటాలకు గేజ్ అనే కొలత ఉంటుంది. 12 గేజ్ గొట్టం వెడల్పు, 20 గేజ్ గొట్టం ఇరుకు. పొరపాటున 20 గేజ్ తూటాను 12 గేజ్ తుపాకీలో వేస్తే అది ఛాంబర్‌లో ఆగకుండా జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. పేలలేదేమిటని వెనక ఇంకో 12 గేజ్ తూటా వేసి కాలిస్తే గొట్టమే పగిలి చేతులు, ముఖం దెబ్బతింటాయి. అందుకే 20 గేజ్ తూటాలను పసుపు రంగులో తయారుచేస్తారు. ఇది చూడగానే తెలిసే సంగతి కాదు. ఎవరో ఒకరు చెప్పాలి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే వెంటనే తెరిచి చూడకూడదని, మూతిని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలని కూడా ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది.

వాట్సాప్‌లో మనవాళ్లు పంపుకునే సలహాలు చూస్తూ ఉంటాను. షాట్‌గన్‌కు గురి అక్కర్లేదట, ఎటు కాల్చినా తగులుతుందట. తరగతిలో అట్ట మీద కాల్చి చూపించారు. ఒక గది పొడవు దూరంలో సీసపు గుళ్లు అరచేతి కన్నా పెద్దగా విస్తరించలేదు. గురి తప్పితే మొత్తానికి మొత్తం తప్పుతుంది. తప్పినవి ఎక్కడికి పోతాయి? ఇక్కడి మన ఇళ్ల లోపలి గోడలు ఇటుక గోడలు కావు. చెక్క కమ్మీలకు రెండు పక్కలా అరంగుళం జిప్సం పలకలు కొట్టి రంగు వేసినవి. బక్‌షాట్ అనే రకం తూటాలో ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్లకు పైగా ఉండే గుళ్లు సాధారణంగా తొమ్మిది ఉంటాయి. అవి అలాంటి గోడలను ఒకటి తర్వాత ఒకటి దాటుకుంటూ పోతాయి. హాల్లో దొంగ అనుకుని కాలిస్తే పిల్లల పడకగది దాకా వెళ్తాయి. ఇంటి రక్షణ కోసం కొన్నామని చెప్పే తెలుగు తండ్రికి ఈ సంగతి ఏ సభలోనైనా ఎవరైనా చెప్పారా?

రెండో సగంలో బయట కాల్పించారు. కాళ్లు ఎలా పెట్టాలి, తుపాకీ మడమ భుజం గుంటలో ఎలా కుదరాలి, చెంప ఎక్కడ ఆనాలి, అసలు ఏ కన్ను మనకు గురి చూసే కన్నో ఎలా తెలుసుకోవాలి అన్నీ చెప్పారు. గాల్లోకి ఎగిరిన నారింజ రంగు పలక పగిలినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. ఇలా ఎగిరే పలకలను కాల్చడం ఒలింపిక్ క్రీడ. హైదరాబాద్‌కు చెందిన కినన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో షాట్‌గన్‌తోనే ఇలాంటి పలకలను కాల్చే ట్రాప్ పోటీలో దిగాడు, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, సొంతంగా కాంస్యం తెచ్చాడు. తుపాకీ అన్న మాట వినగానే మీరు సిగ్గుపడనక్కర్లేదని చెప్పడానికే ఇది రాశాను.

ఇప్పుడు విద్యార్థుల సంగతికి వస్తాను. నా కోపమంతా ఇక్కడే ఉంది.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీదో, హెచ్-1బి ఉద్యోగ వీసా మీదో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తర్వాత దానికి 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంట్లో పెట్టుకోవడానికే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాసేపు కాల్చడానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. వారాంతంలో స్నేహితులతో రేంజ్‌కు వెళ్లి, తుపాకీ పట్టుకుని ఫొటో దిగి, దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పిల్లలు తమ చదువును, వీసాను, భవిష్యత్తును ఏ ప్రమాదంలో పెడుతున్నారో వాళ్లకు తెలుసా? తుపాకీ నేరం మీద దేశం నుంచి పంపించేయవచ్చని వాళ్లకు ఎవరు చెప్పారు? పన్నుల గురించి, చదువయ్యాక పని చేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి గురించి, అద్దె ఒప్పందాల గురించి గంటల తరబడి వక్తలను పిలిపించే మీరు దీని గురించి ఒక్క వాక్యమైనా చెప్పించారా?

ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటే నిషేధం వర్తించదు. పిల్లల్లో చాలామందికి నిషేధం కన్నా ముందు మినహాయింపే తెలుస్తోంది, సీనియర్ల ద్వారా. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట భద్రతా కోర్సు పూర్తిచేయాలి. 17 నిండినవాళ్లు ఆ కోర్సు మొత్తం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ముగించవచ్చు. లేదా పది డాలర్లు కట్టి ఆ సీజన్‌కు వాయిదా వేసుకోవచ్చు. ఆ వాయిదా మీద వేటకు వెళ్తే పక్కన అర్హత ఉన్న తోడు ఉండాలి. తుపాకీ పెట్టుకున్న అపార్ట్‌మెంట్ గదిలో ఆ తోడు ఉండడు. అంటే ఊళ్లో సినిమాలో తప్ప తుపాకీ చూడని ఇరవై రెండేళ్ల కుర్రాడు, జీవితంలో ఒక్కసారైనా శిక్షకుడి పక్కన నిలబడకుండా, 12 గేజ్ తుపాకీ గదికి తెచ్చుకోవచ్చు. ఆ గదిలో అతనితో పాటు మరో ముగ్గురు ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు.

భారతదేశంలో తుపాకీ లైసెన్స్ కావాలంటే పోలీసు విచారణ జరగాలి, కారణం చూపాలి. 2016 ఆయుధ నియమాల కింద భద్రతా శిక్షణ కూడా పొందాలి. అలాంటి వ్యవస్థలో పుట్టి పెరిగిన పిల్లలు, ప్రమాదకరమైన వస్తువు అయితే ప్రభుత్వం ఇంత తేలిగ్గా చేతికి ఇస్తుందా అనుకుంటారు. ఆ నమ్మకం ఇక్కడ పనిచేయదని వాళ్లకు చెప్పడం ఎవరి బాధ్యత?

ఇంకా బరువైన మాట ఒకటి ఉంది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది తమ ప్రాణాలు తామే తీసుకున్నవాళ్లు. ఉద్యోగం రాక, అప్పు తీరక, ఓపీటీ గడువు దగ్గరపడి, ఇంటికి నిజం చెప్పలేక కుమిలిపోయే పిల్లలు మీ సభ్యుల ఇళ్ల బేస్‌మెంట్లలో అద్దెకు ఉన్నారు. అలాంటి రాత్రి గదిలో తుపాకీ ఉండడానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఒక ప్రాణం. మా శిక్షకురాలు తరగతిలో ఆ మాట సూటిగా చెప్పింది. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే తుపాకీని కొంతకాలం ఇంటి నుంచి బయటికి పంపించాలని, ఆత్మహత్యల నివారణకు ఉన్న 988 సహాయ నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చని చెప్పింది. ఆ మాటలు తెలుగులో, మనకు తెలిసిన గొంతులో వినిపించి ఉంటే ఎంత బాగుండేది అని నాకు అక్కడే అనిపించింది.

పిల్లల విషయమూ అంతే. 2020లో ఈ దేశంలో ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల వయసున్న పిల్లల, టీనేజర్ల మరణాలకు కారణాల్లో తుపాకీ మొదటి స్థానానికి వచ్చింది. తూటాలున్న తుపాకీని నిర్లక్ష్యంగా ఉంచడం వల్ల అది పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందితే టెక్సాస్‌లో అది నేరం. అయినా పుట్టినరోజు పార్టీకి పిల్లల్ని దింపేటప్పుడు, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని అడగడానికి మనకు మొహమాటం. వేరుశనగ ఎలర్జీ గురించి అడిగినంత మామూలుగా అది అడగవచ్చని మీ వేదిక మీద నుంచి ఒక పిల్లల డాక్టరు చెబితే ఆ మొహమాటం పోతుంది. మీ ఆరోగ్య శిబిరాలకు వచ్చే డాక్టర్లలో అది చెప్పడానికి ముందుకొచ్చేవాళ్లు ఉన్నారు. నేను అడిగాను.

నేర్పితే ప్రోత్సహించినట్టు అవుతుందని మీలో కొందరు అనవచ్చు. నేను చూసింది చెబుతాను. మాతో పాటు తరగతికి వచ్చిన ఒక తెలుగు అమ్మాయి, గోడల సంగతి, పసిబిడ్డ సంగతి ఆలోచించుకుని, తుపాకీ కొనే ఆలోచన మానుకుంది. ఇంకొకావిడ ఇంట్లో అప్పటికే ఉంది. ఆ వారమే ఇనుప సేఫ్ తెప్పించి, తూటాలు వేరే చోట తాళం వేసి పెట్టించింది. కొనాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. తుపాకీ హక్కుల మీద మీ అభిప్రాయం నాకు అక్కర్లేదు, నా అభిప్రాయం మీకు అక్కర్లేదు. డెమోక్రాట్లకూ రిపబ్లికన్లకూ మీ సభల్లో కుర్చీలు వేస్తారు కదా. ఈ పాఠం వింటే ఇద్దరిలో ఎవరూ కాదనలేరు. గొట్టం మూతి పిల్లవాడి వైపు ఉండకూడదు అన్నదానిలో రాజకీయం ఎక్కడుంది?

నేను అడుగుతున్నది పెద్ద ఖర్చు పని కాదు. వీసా మీద ఉన్నవాళ్లకు కాల్పులు లేని పాఠమే పెట్టాలి, ప్లాస్టిక్ నమూనా చాలు. మొదట చట్టం, తర్వాత తుపాకీ ఖాళీ చేసే పద్ధతి, తర్వాత తాళం. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే కార్యక్రమం కింద తుపాకీ తాళాలు ఉచితంగా ఇస్తారు, చాలా ఊళ్లలో పోలీసు స్టేషన్‌లోనే దొరుకుతాయి. వాటిని మీ ఆరోగ్య శిబిరంలో బల్ల మీద పెట్టండి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి, ఇంట్లో ఇప్పటికే తుపాకీ ఉన్న కుటుంబాలను దగ్గర్లోని రేంజ్‌లో మొదటి తరగతికి వెళ్లమని మీ పేరు మీద చెప్పండి. వేల మంది వచ్చే మహాసభల్లో స్థిరాస్తికి, స్టాక్ మార్కెట్‌కు, పెళ్లి సంబంధాలకు గదులు కేటాయిస్తారు. దీనికి కూడా ఒక గది కేటాయించండి.

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ పిల్లలు దిగుతారు. మీ వాలంటీర్లు విమానాశ్రయాలకు వెళ్లి, సామాన్లు మోసి, మొదటి రాత్రి అన్నం పెడతారు. వాళ్ల చేతికి ఇచ్చే కాగితాల్లో వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ చట్టం ఏం చెబుతుందో తెలుగులో ఒక పేజీ ఉంటుందా, ఉండదా? ఈ ప్రశ్నను మీ తర్వాతి కార్యవర్గ సమావేశం ఎజెండాలో పెట్టండి. ఓటు వేయండి. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో, కాదన్నవాళ్లు ఏ కారణం చెప్పారో సభ్యులందరికీ రాసి పంపండి. జూలై ముగిసేలోగా మీ జవాబు కావాలి. ఆ పేజీ రాసే పని, శిక్షకులను పిలిపించే పని, తాళాలు తెచ్చే పని మేము చేస్తాం.

ఇట్లు,
డాలస్ ప్రాంతపు తెలుగు తల్లుల తరఫున,
మీ సంఘ సభ్యురాలు